షికాగోలో అమ్మానాన్నలకు ఏం చూపించాలి?

చంద్రవంక

అందరికీ నమస్కారం. జూన్‌లో అమ్మానాన్న రాజమండ్రి నుంచి వస్తున్నారు. మేముండేది ఇండియానాపొలిస్‌లో. కారులో మూడు గంటల పైచిలుకు ప్రయాణం కాబట్టి ఒక శుక్రవారం పొద్దున బయల్దేరి సోమవారం రాత్రికి తిరిగొచ్చేలా షికాగో అనుకుంటున్నాం.

నాన్న ఆర్ అండ్ బీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. కొత్త వంతెన కనిపిస్తే కారు ఆపమంటారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేదు. తోటలన్నా, పాత కట్టడాలన్నా, గుళ్లన్నా ఇష్టం. మావాడికి తొమ్మిదేళ్లు, వాడికి డైనోసార్లు ఉంటే ఇంకేమీ అక్కర్లేదు. నాన్న అడిగింది ఒక్కటే: "వివేకానందుడు మాట్లాడిన చోటు చూపించు, మిగతాది నీ ఇష్టం."

ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా అవే పది పేర్లు. ఏది తప్పకుండా చూడాలో, ఏది వదిలేసినా పర్లేదో అక్కడ ఉంటున్నవాళ్లు, ఉండి వచ్చినవాళ్లు చెప్పండి.

పాలమూరోడు

అక్కా, మంచి టైముకు వస్తున్రు. జూన్ల షికాగో మస్తుంటది, ఎండ ఉంటది కానీ సరస్సు గాలి కూడా ఉంటది. అమ్మగారికి శాలువా పెట్టుకోండ్రి, సాయంత్రం నీళ్ల పక్కన చల్లగైతది.

ముందుగాల మిలేనియం పార్కు. టికెట్ లేదు. ఆడ చిక్కుడు గింజ లెక్క మెరిసే పెద్ద ఉక్కు బొమ్మ ముందల ఫొటో దిగకుంట ఎవరూ వాపసు పోరు. దాని పక్కనే క్రౌన్ ఫౌంటెన్, రెండు గాజు ఇటుకల గోపురాలు, 50 అడుగులుంటయి. వాటి మీద షికాగో మనుషుల మొఖాలు వస్తుంటయి, నోట్లకెంచి నీళ్లు వడ్తయి. పిల్లగానికి ఒక జత బట్టలు ఎక్కువ పెట్టుకోండ్రి, వాడు తడవకుంట ఉండడు. తర్వాత విల్లిస్ టవర్ 103వ అంతస్తు, అక్కడ అద్దాల పెట్టెల నిలవడాలె. శనివారం రాత్రి నేవీ పియర్ దగ్గర పటాకులు. బండి పార్కింగ్ మాత్రం ఇంటి కాడనే యాప్‌ల బుక్ చేసుకోండ్రి, డౌన్‌టౌన్‌ల అప్పటికప్పుడు దొరికేదానికి రెండింతలు పెట్టాల్సొస్తది.

స్టీలుబీము

చంద్రవంక గారూ, మీ నాన్నగారు ఇంజనీరంటున్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ఆయన్ని ఎత్తుకు తీసుకెళ్లే ముందు నీళ్లలోకి తీసుకెళ్లండి. షికాగో ఆర్కిటెక్చర్ సెంటర్ వాళ్లు నది మీద పడవలో తిప్పుతారు, గంటన్నర పడుతుంది. చెప్పేవాళ్లు జీతానికి పనిచేసేవాళ్లు కాదు, ఊరి మీద ప్రేమతో శిక్షణ తీసుకుని వచ్చే వాలంటీర్లు. అమ్మగారు కూర్చునే అన్నీ చూడొచ్చు. నాకు తెలిసి పెద్దవాళ్లతో షికాగో వెళ్లినవాళ్లు డబ్బు పెట్టాల్సిన మొదటి చోటు ఇదే.

ఎందుకంటే ఆ ఊరి కథంతా ఆ నది చుట్టూనే ఉంది. 1871 అక్టోబరులో మంటలు రేగి ఊరి నడిబొడ్డు మొత్తం కాలిపోయింది. దాదాపు 300 మంది చనిపోయారు, లక్ష మంది నిలువ నీడ లేనివాళ్లయ్యారు. కట్టెతో కట్టిన ఊరు ఇటుకతో, తర్వాత ఉక్కుతో మళ్లీ లేచింది. అంతకుముందే ఇంకో సాహసం చేశారు. నేల బురద, మురుగు కదలదు. అందుకని 1850లు, 60లలో వీధుల మట్టం పెంచి, భవనాలను కింద స్క్రూ జాకీలు పెట్టి పైకి లేపారు. లోపల మనుషులు ఉండగానే! ఆ పనిలో పేరు తెచ్చుకున్నవాళ్లలో జార్జ్ పుల్‌మన్ ఒకడు, తర్వాత రైలు స్లీపర్ పెట్టెలు చేసిన పుల్‌మన్ ఆయనే.

ఇక నది. మురుగంతా నదిలోకి, నది సరస్సులోకి, ఊరు తాగేదేమో ఆ సరస్సు నీళ్లే. 28 మైళ్ల కాలువ తవ్వి 1900లో నది ప్రవాహాన్నే వెనక్కి తిప్పేశారు. అంతవరకూ మిషిగన్ సరస్సులో కలిసే నది అప్పటి నుంచి మిసిసిపీ వైపు పారుతోంది. (కింద ఊళ్లవాళ్లు సంతోషించలేదు, కోర్టుకెళ్లారు. అది వేరే కథ.) కాలవలూ ఆనకట్టలూ చూస్తూ పెరిగిన గోదావరి మనిషికి ఈ సంగతి పడవలో కూర్చోబెట్టి చెబితే ఆయన కళ్లు ఎలా మెరుస్తాయో చూడండి.

పడవ ఎక్కేది మిషిగన్ ఎవెన్యూ వంతెన దగ్గరే. 1920లో తెరిచిన రెండంతస్తుల వంతెన, నడిమధ్యలో విడిపోయి రెండు ముక్కలూ పైకి లేస్తాయి. దాని కాపలా గోపురంలో మెక్‌కార్మిక్ బ్రిడ్జ్‌హౌస్ అని చిన్న మ్యూజియం ఉంది. వంతెనను లేపే పళ్లచక్రాలు, ఎదురు బరువు దగ్గర్నుంచి చూడొచ్చు. ఎండాకాలమే తెరుస్తారు, వేళలు చూసుకోండి. లోపల ఇరుకు మెట్లు, కాబట్టి అమ్మగారిని కింద నది ఒడ్డున బెంచీ మీద కూర్చోబెట్టి మీ నాన్నగారూ బాబూ ఎక్కొచ్చు.

కృష్ణాతీరం

అమ్మా చంద్రవంకా, మీ నాన్నగారు అడిగినది విని సంతోషం వేసింది. ఆ చోటు ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ షికాగో, మిషిగన్ ఎవెన్యూ మీద, గుమ్మానికి రెండు పక్కలా కంచు సింహాలున్న భవనం. 1893 సెప్టెంబరు 11న స్వామి సర్వమత సభలో మాట్లాడింది ఈ భవనంలోనే. ఎదురుగా ఉన్న వీధి భాగానికి స్వామి వివేకానంద వే అని గౌరవంగా పేరు పెట్టారు, స్తంభం మీద పలక ఉంటుంది.

మనవాళ్లు చాలామంది మరిచిపోయే సంగతి ఒకటి చెబుతాను. స్వామి అమెరికా ఓడ ఎక్కడానికి ముందు, అదే ఏడాది ఫిబ్రవరి 13న సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో మాట్లాడారు. తాను పశ్చిమ దేశాలకు ఎందుకు వెళ్లదలిచారో అక్కడే సభలో చెప్పారు. షికాగో చేరింది జులై చివర్లో. తీరా చూస్తే సభ సెప్టెంబరులో! చేతిలో డబ్బు కరిగిపోతుంటే ఖర్చు తక్కువని బోస్టన్ వైపు వెళ్లి, సభ వేళకు తిరిగి వచ్చారు. విలాసం కాగితం పోగొట్టుకుని రైలు యార్డులో ఒక పెట్టెలో పడుకున్నారు. తెల్లారి దారి పక్కన కూర్చుని ఉంటే హేల్ అనే ఇంటి ఇల్లాలు పలకరించి, ఇంటికి తీసుకెళ్లి అన్నం పెట్టి, సభకు దారి చూపింది. ఆ మెట్ల మీద నిలబడినప్పుడు నాన్నగారికి ఈ మాటలు చెప్పు తల్లీ.

వేకువ

కృష్ణాతీరం గారు చెప్పినదానికి ఒక చిన్న వివరం కలుపుతాను. చాలామంది లోపలికెళ్లి ఫుల్లర్టన్ హాలు చూసి, స్వామి నిలబడిన వేదిక ఇదే అనుకుని దండం పెట్టుకుంటారు. ఆ హాలు కట్టింది 1898లో. సభ జరిగింది హాల్ ఆఫ్ కొలంబస్‌లో. అది ఆ సభల కోసం భవనంలో తాత్కాలికంగా వేసిన పెద్ద మందిరం, సభలు అయ్యాక తీసేశారు. ఫుల్లర్టన్ హాలు దగ్గర స్వామి పేరిట ఫలకం ఉంది, అక్కడ కాసేపు ఆగితే చాలు. గోడలు అవే, గడప అదే.

2010లో జితీశ్ కల్లాట్ అనే ముంబయి కళాకారుడు ఇదే భవనంలోని పెద్ద మెట్లదారిలో 118 మెట్ల నిలువు పలకల మీద స్వామి ప్రసంగాన్ని దీపాల అక్షరాలతో పేర్చాడు. ఆ అక్షరాలకు వాడిన అయిదు రంగులు సెప్టెంబరు 11, 2001 తర్వాత అమెరికా ప్రభుత్వం ప్రమాద హెచ్చరికలకు వాడిన రంగులు. మతద్వేషం వద్దని చెప్పిన తేదీ, తర్వాతి కాలంలో దేనికి గుర్తయిందో ఒక్క మెట్లదారిలో చూపించాడు. ఇప్పుడక్కడ ఆ దీపాలు లేకపోయినా ఎక్కుతుంటే నాకు ప్రతిసారీ గుర్తొస్తుంది.

ఇంతా చేసి ఫలకం దగ్గర ఫొటో దిగి బయటికొచ్చేస్తే మాత్రం చాలా పోగొట్టుకున్నట్టే. లోపల మన నాగపట్నం నుంచి వచ్చిన 12వ శతాబ్దపు నల్లరాతి బుద్ధుడున్నాడు, ధ్యానంలో. సోరా వేసిన ఆదివారపు మధ్యాహ్నం బొమ్మ ఉంది, మొత్తం చుక్కలే. దగ్గరికెళ్తే రంగు చుక్కలు, నాలుగడుగులు వెనక్కేస్తే నది ఒడ్డున మనుషులు. హాపర్ 1942లో వేసిన రాత్రిపూట హోటలు బొమ్మ ఉంది. షగాల్ అనే చిత్రకారుడి నీలం గాజు కిటికీలున్నాయి, వాటి ముందు బెంచీ ఉంటుంది, అమ్మగారిని అక్కడ తీరిగ్గా కూర్చోనివ్వండి.

బాబు కోసం కింది అంతస్తులో థార్న్ బుల్లి గదులు. పాతకాలపు ఇళ్లలోని గదులను అడుగుకు అంగుళం లెక్కన చేసి పెట్టారు, మొత్తం 68. కుర్చీలు, దీపాలు, నేల మీద తివాచీ, అన్నీ వేలెడంత. మా పిల్లలు అద్దానికి ముక్కు ఆనించి కదల్లేదు.

చక్రాల కుర్చీ మ్యూజియం వాళ్లే ఇస్తారు, మొహమాటపడకుండా అడగండి. 14 ఏళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు. మంగళ, బుధవారాలు సెలవు, మీ రోజులకు ఇబ్బంది లేదు.

చంద్రవంక

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. కృష్ణాతీరం గారూ, మీ పోస్టు నాన్నకు ఫోన్‌లో చదివి వినిపించాను. సికింద్రాబాద్ సంగతి ఆయనకీ కొత్తే. రెండోసారి చదవమన్నారు.

ఇప్పుడు రెండు సందేహాలు. విల్లిస్ టవర్ ఎక్కాలా, హాన్‌కాక్ టవర్ ఎక్కాలా? రెండూ అనవసరం కదా. రెండోది, అమ్మ బయట ఎక్కడైనా నీడపట్టున కూర్చునేలా, టికెట్ల గోల లేకుండా ఉండే చోటు ఏదైనా ఉందా?

స్టీలుబీము

పైకెక్కక తప్పదంటే హాన్‌కాక్. 94వ అంతస్తు నుంచి సరస్సు, ఒడ్డు వెంబడి వంపు, నగరం మూడూ ఒకేసారి కనిపిస్తాయి. కానీ నా మాట వినండి, రెండు భవనాలనూ కింద నుంచి చూడటంలోనే అసలు విషయం ఉంది. రెండింటి వెనకా ఉన్న మనిషి ఒకడే. ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్, 1929లో ఢాకాలో పుట్టాడు, 1952లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చదువుకు వచ్చాడు. ఇవాళ మన పిల్లలు ఎమ్మెస్‌కి వెళ్లే అర్బానా షాంపేన్ అదే.

అంతవరకూ భవనం ఎత్తు పెరిగేకొద్దీ గాలి తోపును తట్టుకోవడానికి లోపల వేసే ఉక్కు విపరీతంగా పెరిగేది. ఖాన్ ఆ బలాన్ని లోపలి స్తంభాల నుంచి తెచ్చి బయటి గోడలో పెట్టాడు, మొత్తం భవనమే ఒక గొట్టమై గాలిని ఎదుర్కొంటుంది. 1969లో పూర్తయిన హాన్‌కాక్ మీద బయటికి కనిపించే పెద్ద పెద్ద ఇంటూ గుర్తులు అలంకారం కాదు, భారం దిగే దారులు. ఆర్కిటెక్ట్ బ్రూస్ గ్రాహమ్‌తో కలిసి చేసిన విల్లిస్‌లో ఇంకో అడుగు వేశాడు. ఒక్కొక్కటీ 75 అడుగుల చదరం ఉన్న తొమ్మిది గొట్టాలను మూడు వరసల్లో కలిపి కట్టాడు. ఒక చీపురుపుల్ల వంగుతుంది, కట్ట వంగదు. రెండు గొట్టాలు 50వ అంతస్తు దగ్గర ఆగిపోతాయి, ఇంకో రెండు 66 దగ్గర, మూడు 90 దగ్గర. చివరి రెండే పైదాకా వెళ్తాయి. 110 అంతస్తులు, 1,450 అడుగులు. దాదాపు పాతికేళ్లు ప్రపంచంలో అంతకన్నా ఎత్తైన భవనం లేదు. ఫ్రాంక్లిన్, జాక్సన్ వీధులు కలిసే మూల దగ్గర ఖాన్ పేరున్న వీధి పలక ఉంది. నాన్నగారిని అక్కడ నిలబెట్టి తల ఎత్తమనండి.

అక్కడి నుంచి కాస్త దూరంలోనే మొనాడ్‌నాక్ బిల్డింగ్. ఉత్తరపు సగం 1891లో కట్టారు, 16 అంతస్తులు, భారమంతా ఇటుక గోడలదే. అందుకే నేల దగ్గర గోడ మందం ఆరు అడుగులు! రెండేళ్ల తర్వాత దక్షిణపు సగం ఉక్కు చట్రంతో కట్టారు, అక్కడ గోడ పల్చబడింది, కిటికీలు పెద్దవయ్యాయి. ఇటుక యుగం ముగిసి ఉక్కు యుగం మొదలైన గీత ఒకే భవనం మీద కనిపిస్తుంది. సివిల్ ఇంజనీరు ఎవరైనా దాన్ని చేత్తో తడిమి చూడాలి.

పాలమూరోడు

స్టీలుబీము అన్నా, నువ్వు చెప్పేది మంచిగనే ఉంది కానీ ఒక మాట. రాజమండ్రికెంచి అంత దూరం వచ్చినోళ్లు వాపసు పోయినంక అపార్ట్‌మెంట్ల అందరికీ ఏం చూపిస్తరు? 103వ అంతస్తుల అద్దం మీద నిలవడ్డ ఫొటో. మా అమ్మ ముందుగాల భయపడ్డది, కాళ్లు పెట్టనన్నది. పెట్టినంక దిగనన్నది. ఆ ఫొటో ఇంకా మా ఇంట్ల టీవీ పక్కన ఉంది. పెద్దోళ్ల సంతోషానికి టికెట్ ధర లెక్కపెట్టొద్దు. పొద్దున తెరవంగనే పోండ్రి, లైన్ తక్కువుంటది.

స్టీలుబీము

పాలమూరు తమ్ముడూ, అమ్మగారి ఫొటో మాటకు నేను ఎదురు చెప్పను. అద్దం పెట్టెలో నిలబడాలని ఉంటే విల్లిసే ఎక్కించండి. మబ్బు పట్టిన రోజు మాత్రం వద్దు, పైన తెల్లటి పొగ తప్ప ఏమీ కనపడదు, డబ్బు తిరిగివ్వరు. వాతావరణం చూసుకుని అప్పుడు టికెట్ కొనండి.

వేకువ

నీడపట్టున అన్నారు కదా, షికాగో కల్చరల్ సెంటర్. మిలేనియం పార్కుకు రోడ్డు దాటితే వచ్చేస్తుంది, టికెట్ లేదు, లిఫ్ట్ ఉంది. మూడో అంతస్తులో టిఫనీ గాజు గుమ్మటం, 38 అడుగుల వెడల్పు, దాదాపు 30,000 గాజు ముక్కలు. దానికింద కుర్చీలో తల వెనక్కి వాల్చి కూర్చుంటే చాలు.

ఆ భవనం 1897లో కట్టిన నగర గ్రంథాలయం. దాని పుట్టుకే గొప్ప కథ. 1871 మంటల తర్వాత ఇంగ్లండు జనం షికాగోకు పుస్తకాలు పోగుచేసి పంపారు, 8,000కు పైగా. అవి పెట్టుకోవడానికి చోటు లేక, పాడుబడిన ఇనుప నీళ్ల ట్యాంకులో 1873 జనవరి 1న గ్రంథాలయం తెరిచారు. ట్యాంకులో మొదలైన లైబ్రరీ పాతికేళ్లకు పాలరాతి గోడలు, గాజు గుమ్మటం దాకా వచ్చింది. గ్రంథాలయాల మీద ఒక ఊరికి ఇంత గౌరవం ఉండటం చూస్తే నాకు కడుపు నిండుతుంది.

అమ్మగారికి తోటలన్నారు కదా, మిలేనియం పార్కులోనే లూరీ గార్డెన్ ఉంది. దానికింద నేల లేదని ఆమెకు చెప్పండి, ఆ పార్కు మొత్తం రైలు పట్టాల మీద, కారు పార్కింగ్ మీద వేసిన కప్పు పైన ఉంది. 24 ఎకరాల పైచిలుకు!

ఎర్రమందారం

ఇంతమంది ఇన్ని చెప్పారు, మేడే పుట్టిన ఊరని ఒక్కరూ రాయకపోవడం బాధ కలిగించింది. మన ఊళ్లలో ప్రతి మే 1న ఎర్రజెండా ఎగరేసి షికాగో అమరవీరులని తలుచుకుంటాం. ఆ షికాగో ఇదే.

1886 మే 1న ఎనిమిది గంటల పనిదినం కోసం కార్మికులు వీధుల్లోకి వచ్చారు. మే 4 రాత్రి హేమార్కెట్‌లో సభ ముగుస్తుండగా పోలీసులు వచ్చారు, ఎవరో బాంబు విసిరారు, కాల్పులు జరిగాయి. పోలీసులూ పోయారు, సభకొచ్చినవాళ్లూ పోయారు. బాంబు వేసిందెవరో తేలలేదు, అయినా ఎనిమిది మంది కార్మిక నాయకులకు శిక్ష వేశారు. స్పైస్, పార్సన్స్, ఫిషర్, ఏంగెల్ నలుగురినీ 1887 నవంబరు 11న ఉరితీశారు. లింగ్ అంతకుముందే జైలు గదిలో ప్రాణం తీసుకున్నాడు. మిగిలిన ముగ్గురినీ 1893లో గవర్నర్ ఆల్ట్‌గెల్డ్ విడిచిపెట్టాడు, ఆ విచారణ న్యాయంగా జరగలేదని రాసి మరీ విడిచిపెట్టాడు. దానికి ఆయన రాజకీయంగా మూల్యం చెల్లించాడు.

సభ జరిగినచోట, డెస్‌ప్లెయిన్స్ వీధిలో ర్యాండాల్ఫ్ దగ్గర, ఇప్పుడొక శిల్పం ఉంది, 2004లో పెట్టారు. ఆ రాత్రి బండి మీద నిలబడి మాట్లాడినవాళ్ల జ్ఞాపకంగా బండి, మనుషులు. కింద దిమ్మె మీద దేశదేశాల కార్మిక సంఘాలు అతికించిన ఫలకాలున్నాయి, ఒక్కొక్కటీ చదవండి. డౌన్‌టౌన్ నుంచి కారులో అయిదు నిమిషాలు కూడా పట్టదు. ఉరితీసినవాళ్ల సమాధులు ఫారెస్ట్ పార్కులో ఉన్నాయి, బ్లూ లైన్ రైలు ఆఖరి స్టేషన్ వైపు. పడిపోయిన కార్మికుణ్ణి కాపాడుతూ ఒక స్త్రీ నిలబడ్డ విగ్రహం. ఇంత చేసిన దేశంలో మే 1 సెలవు కాదు, కార్మిక దినం సెప్టెంబరులో.

నేపర్‌విల్_నాన్న

ఎర్రమందారం గారూ, చరిత్ర నిజమే, కాదనను. కానీ సెలవులకొచ్చిన పెద్దవాళ్లనీ, తొమ్మిదేళ్ల పిల్లాణ్ణీ సమాధుల దగ్గరికి ఎవరు తీసుకెళ్తారండీ? ఉన్నదే నాలుగు రోజులు.

ఎర్రమందారం

సమాధుల దాకా వెళ్లమని పట్టుబట్టను. శిల్పం దగ్గర పది నిమిషాలు ఆగమంటున్నాను. నాన్నగారు ఎనిమిది గంటలు పనిచేసి సాయంత్రం ఇంటికొచ్చి పిల్లలతో కూర్చున్నారంటే దానికోసం కొందరు ఇక్కడ ప్రాణాలిచ్చారు. తొమ్మిదేళ్ల పిల్లాడికి ఇది అర్థమవుతుంది, చెప్పేవాళ్లు చెబితే.

నేపర్‌విల్_నాన్న

పది నిమిషాలంటే తప్పకుండా ఆగొచ్చు. ఆ వీధి మీదుగా చాలాసార్లు వెళ్లాను, ఈసారి మా పిల్లలకు నేనూ చూపిస్తాను.

ఇక బాబు విషయం. డైనోసార్లంటే ఫీల్డ్ మ్యూజియం, ఇంకో ఆలోచనే వద్దు. అడుగుపెట్టగానే పెద్ద హాల్లో మాక్సిమో, 122 అడుగుల టైటనోసార్ జాతి అస్థిపంజరం. అది అచ్చుపోసినది కాబట్టి పిల్లలు కాలిని ముట్టుకోవచ్చు. పై అంతస్తులో సూ. 1990లో సౌత్ డకోటాలో సూ హెండ్రిక్‌సన్ అనే ఆవిడకు దొరికిన టి. రెక్స్, ఆమె పేరే పెట్టారు. ఎముకల్లో దాదాపు తొంభై శాతం దొరికాయి, అందుకే అంత పేరు. 1997లో వేలంలో 80 లక్షల డాలర్లకు పైగా పెట్టి కొన్నారు. అసలు తలకాయ పక్కన అద్దాల పెట్టెలో వేరేగా ఉంటుంది, ఒంటి మీద పెట్టడానికి మరీ బరువు. దాన్ని చూడకుండా బాబుని బయటికి తేవద్దు.

సగం రోజు దీనికే పోతుంది. పక్కనే ఉన్న షెడ్ అక్వేరియం కూడా అదే రోజు పెట్టుకుంటే అమ్మగారు అలిసిపోతారు, ఏదో ఒకటే చాలు. ఆడ్లర్ ప్లానిటేరియం లోపలికి వెళ్లకపోయినా దాని ముందున్న గట్టు మీదికి మాత్రం వెళ్లండి. సూర్యుడు దిగేవేళ ఊరి మొత్తం గోపురాలు నీళ్ల అవతల వరసగా కనిపిస్తాయి. పైసా ఖర్చు లేదు. 103వ అంతస్తు నుంచి చూస్తే విల్లిస్ టవర్ కనపడదు కదా, ఇక్కడి నుంచి కనపడుతుంది.

ధ్రువతార

నేను కొన్నేళ్లు హైడ్ పార్కులో ఉన్నాను, దక్షిణం వైపు. పర్యాటకులు అటు రారు, నాకు బాధగా ఉంటుంది. 1893 ప్రపంచ ప్రదర్శన జరిగింది అక్కడే. వివేకానందుడు మాట్లాడిన సభ కూడా ఆ ప్రదర్శనకు అనుబంధంగా పెట్టినదే, కాబట్టి మీ నాన్నగారికి ఆ ముక్క కూడా కలపండి. తెల్లటి మహా భవనాలన్నీ ఎక్కువగా సున్నపు పూతతో తాత్కాలికంగా కట్టినవి, పోయాయి. కళల భవనం మాత్రం నిలిచింది, ఇప్పుడు గ్రిఫిన్ మ్యూజియం ఆఫ్ సైన్స్ అండ్ ఇండస్ట్రీ అదే. 1944 జూన్ 4న సముద్రంలో పట్టుకున్న జర్మన్ జలాంతర్గామి యు-505 అక్కడ భూగర్భ హాల్లో ఉంది. అసలైనదే, నమూనా కాదు.

అక్కడికి పడమరగా మిడ్‌వే ప్లెజాన్స్ అనే పొడవాటి పచ్చిక. జార్జ్ ఫెర్రిస్ మొట్టమొదటి జెయింట్ వీల్ నిలబెట్టింది ఆ పచ్చిక మీదే, 264 అడుగులు, 36 పెట్టెలు, ఒక్కోదాంట్లో 60 మంది. మన తిరునాళ్లలో తిరిగే రంగులరాట్నాల పెద్దన్న అక్కడ పుట్టింది. ఇప్పుడు గడ్డి తప్ప ఏమీ లేదు, తెలిసినవాళ్లకే కనిపిస్తుంది.

అక్కడే షికాగో విశ్వవిద్యాలయం ఆవరణలో చిన్న మ్యూజియం ఉంది, పాత పేరు ఓరియంటల్ ఇన్‌స్టిట్యూట్, 2023లో పేరు మార్చారు. అసిరియా రాజు ఖోర్సాబాద్ కోట గుమ్మంలో నిలబెట్టిన మనిషి తల ఎద్దు అక్కడుంది, 16 అడుగులు, దాదాపు 40 టన్నులు. రెక్కలుంటాయి. పక్క నుంచి చూస్తే నడుస్తున్నట్టు, ఎదురుగా చూస్తే నిలబడినట్టు ఉండటానికి శిల్పి అయిదు కాళ్లు పెట్టాడు. బాబుని లెక్కపెట్టమనండి. నక్షత్రాల లెక్కలకు 1983లో నోబెల్ అందుకున్న మన శాస్త్రవేత్త చంద్రశేఖర్ పాఠాలు చెప్పింది ఈ విశ్వవిద్యాలయంలోనే. నేను ఆ భవనాల పక్కనుంచి నడిచినప్పుడల్లా ఒళ్లు పులకరించేది. కారు వద్దనుకుంటే మిలేనియం స్టేషన్ నుంచి మెట్రా ఎలక్ట్రిక్ రైలు, 57వ వీధి దగ్గర దిగాలి.

తబలాతాళం

సంగీతం గురించి ఎవరూ రాయలేదు. దక్షిణాది రాష్ట్రాల్లో పత్తి చేలల నుంచి, వివక్ష నుంచి పారిపోయి లక్షల నల్లజాతి కుటుంబాలు ఉత్తరాదికి రైళ్లెక్కాయి. షికాగోలో వాళ్లు నిలబెట్టుకున్న పేట బ్రాంజ్‌విల్. 1943లో మడ్డీ వాటర్స్ అనే గాయకుడు మిసిసిపీ నుంచి అలాగే వచ్చాడు. పల్లెలో ఒంటరి గిటారు మీద పాడిన పాట ఈ ఊరి రొదలో వినపడక, కరెంటు గిటారు పట్టాడు. షికాగో బ్లూస్ అంటే ఆ గొంతు. 2120 సౌత్ మిషిగన్ ఎవెన్యూలో చెస్ రికార్డ్స్ స్టూడియో భవనం ఇంకా ఉంది. జూన్ మొదట్లో మిలేనియం పార్కులో బ్లూస్ ఫెస్టివల్ జరుగుతుంది, ఉచితం. మీ తేదీలు కలిస్తే పచ్చిక మీద దుప్పటి పరుచుకుని అమ్మగారితో సహా కూర్చోండి. భాష తెలియకపోయినా ఆ బాధ తెలుస్తుంది.

తేదీలు కలవకపోతే అదే వేదిక మీద వేసవంతా శాస్త్రీయ సంగీతం ఉంటుంది, అదీ ఉచితమే. ఆ ఉక్కు రేకుల వేదిక ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ గెహ్రీది. గ్రాంట్ పార్కులో ఎత్తైన కట్టడాలు కట్టకుండా నూరేళ్ల కిందట మాంట్‌గొమరీ వార్డ్ అనే వ్యాపారి కోర్టుల్లో పోరాడి గెలిచాడు, సరస్సు ఒడ్డు జనానిదే అని. ఆ నిబంధన ఇప్పటికీ ఉంది. అందుకే వేదికను భవనంగా కాకుండా కళాఖండంగా లెక్కేసి కట్టారు.

కృష్ణాతీరం

గుడి సంగతి కూడా చెప్పాలి. లెమాంట్‌లో రామాలయం కొండ మీద ఉంటుంది, గోపురం దూరం నుంచే కనిపిస్తుంది, ఆవరణలో వివేకానందుడి విగ్రహం ఉంది. అరోరాలో బాలాజీ గుడి. మీరు ఇండియానా వైపు నుంచి వస్తారు కాబట్టి ఊళ్లోకి రాకముందే లెమాంట్‌లో ఆగి దర్శనం చేసుకోవడం తేలిక, అరోరా ఇంకా పడమరకు. రెండు చోట్లా వారాంతంలో క్యాంటీన్ ఉంటుంది, ముందు ఫోన్ చేసి వేళలు కనుక్కో అమ్మా.

వీలైతే విల్మెట్‌లో బహాయీల ప్రార్థనా మందిరం కూడా చూపించు. తొమ్మిది వైపులు, తెల్లటి జాలీ పనితనం, చుట్టూ తోటలు. అక్కడ ఎవరూ ఏ మతమని అడగరు. సర్వమత సభ జరిగిన ఊరికి అది తగిన గుడి అనిపిస్తుంది నాకు.

పాలమూరోడు

తిండి గురించి నేను చెప్త. డెవాన్ ఎవెన్యూ పోండ్రి. మన కూరగాయలు, చీరలు, బంగారం, ఇడ్లీ, బిర్యానీ అన్నీ ఒకటే రోడ్డు మీద. పక్కపక్కనే పాకిస్తానోళ్ల దుకాణాలు, యూదుల దుకాణాలు. ఆ రోడ్డుల కొంత భాగానికి గాంధీ పేరుంది, ఇంకో భాగానికి జిన్నా పేరుంది, అందరూ ఒకటే చోట చాయ్ తాగుతరు. డౌన్‌టౌన్‌ల పెద్దోళ్లకు నోటికి పట్టేది తక్కువ, పొద్దున టిఫిన్ హోటల్లనే చేసుకుని బయలెల్లుండ్రి, పెరుగన్నం డబ్బా బ్యాగుల పెట్టుకోండ్రి.

చంద్రవంక

నాన్నా నేనూ కూర్చుని ఇలా అనుకున్నాం. శుక్రవారం దారిలో లెమాంట్, సాయంత్రం మిలేనియం పార్కు, కల్చరల్ సెంటర్. శనివారం పొద్దున ఫీల్డ్, మధ్యాహ్నం హోటల్లో విశ్రాంతి, రాత్రి పటాకులు. ఆదివారం ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్, ఆ తర్వాత పడవ, వంతెన మ్యూజియం. సోమవారం ఆకాశం నిర్మలంగా ఉంటే విల్లిస్, కాలినడకన మొనాడ్‌నాక్, దారిలో హేమార్కెట్ శిల్పం, డెవాన్‌లో భోజనం, ఇంటికి. హైడ్ పార్కు మిగిలిపోయింది. మొనాడ్‌నాక్ గోడ కొలుస్తానని నాన్న టేపు పెట్టుకున్నారు.

స్టీలుబీము

ఆరడుగుల మందం బయట నుంచి తెలియదు, గుమ్మంలో నిలబడి పక్కకు కొలవమనండి.

చలిపులి

ఈ చర్చ చదివి నేనూ అడుగుతున్నాను. మా అత్తామామలు డిసెంబరులో వస్తున్నారు, సెలవులు అప్పుడే దొరికాయి. ఇందులో ఏవి పనికొస్తాయి?

వేకువ

పడవ, బకింగ్‌హామ్ ఫౌంటెన్, వంతెన మ్యూజియం ఉండవు. ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్, ఫీల్డ్, కల్చరల్ సెంటర్ లోపలే కాబట్టి చలి తెలియదు. గార్ఫీల్డ్ పార్క్ కన్జర్వేటరీ తప్పకుండా పెట్టుకోండి. 1908లో యెన్స్ యెన్సెన్ వేసిన గాజు తోట, బయట మంచు కురుస్తుంటే లోపల పెద్ద పెద్ద ఫెర్న్‌లు, తాటి జాతి చెట్లు, వెచ్చటి తేమ. ప్రవేశం, బుకింగ్ వివరాలు ముందుగా చూసుకోండి. రాత్రిపూట లింకన్ పార్క్ జూలో దీపాల అలంకారం ఉంటుంది.

పాలమూరోడు

చలిపులి అన్నా, బూట్లు మాత్రం ఈడికొచ్చినంకనే కొనుండ్రి, ఇండియాకెంచి తెచ్చినవి మంచుల జారుతయి. చెవులు కప్పే టోపీ, గ్లవ్స్ కారులనే ఉంచుండ్రి. ఆడ్లర్ గట్టు మీదికి డిసెంబరుల పెద్దోళ్లను తీస్కపోవద్దు, సరస్సు గాలి నిలవనియ్యదు. కారు అద్దంలకెంచి చూపించి తిప్పుకొచ్చేయ్.